మూడు బోర్లా, నాలుగు వెల్లకిలా

కిందటి నెల ఇదే శీర్షికలో ఒక జవాబు మధ్య స్టడ్ పోకర్ అనే పేకాట పేరు ఒక్కసారి ఎత్తాను. ఆ ఒక్క మాటకే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ముప్పై నాలుగేళ్లు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి పేకముక్కల మీద నాకున్న ఇష్టం సగం లెక్కల మీద ఇష్టమే. ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, నాకు 61 ఏళ్లు. ఈ మధ్యే రిటైరయ్యాను. వచ్చే నెల నేనూ మా ఆవిడా మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్తున్నాం. మా అల్లుడి స్నేహితులు శనివారం రాత్రుళ్లు ఇంట్లోనే సెవెన్ కార్డ్ స్టడ్ పోకర్ ఆడుకుంటారట. నాకు రమ్మీ తప్ప వేరే ఆట రాదు. వాళ్ల మధ్య కూర్చోవాలంటే కనీసం ఏమేం తెలిసి ఉండాలి?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: రమ్మీ వచ్చినవారికి ముక్కలతో పరిచయం ఉంటుంది, పక్కవాళ్లను గమనించే అలవాటూ ఉంటుంది. అందుకే మీకు భయం అక్కర్లేదండీ. ముందుగా రమ్మీలో చేసే ఒక పనిని మాత్రం మరచిపోవాలి. ఇందులో ముక్క ఎత్తడం, ముక్క దించడం ఉండవు. మీకు పంచిన ముక్క ఆట అయ్యేదాకా మీదే. జోకర్ లేదు. ఒకటే పేక, 52 ముక్కలు. చివరిదాకా ఉన్నవారికి ఒక్కొక్కరికి ఏడు ముక్కలు వస్తాయి. ఆ ఏడింటిలో ఏ ఐదు కలిపితే పెద్ద చేయి, అంటే పెద్ద కూర్పు, అవుతుందో ఆ ఐదే లెక్క. మిగిలిన రెండూ ఉన్నా లేనట్టే.

నేను ఇంట్లో ఎవరికి నేర్పినా చింతపిక్కలతోనే నేర్పుతాను. మనిషికి వంద పిక్కలు ఇచ్చి కూర్చోబెడతాను. మీరూ వెళ్లేలోపు ఇంట్లో నలుగురితో అలాగే ఆడి చూడండి. పందెం ఎంతని ముందే అనుకోవాలి. నేను పెట్టుకునే లెక్క ఇది: ముక్కలు పంచకముందే అందరూ ఒక్కో పిక్క మధ్యలో వేయాలి, దాన్ని యాంటీ అంటారు. చిన్న పందెం నాలుగు పిక్కలు, పెద్ద పందెం ఎనిమిది.

పంచేవారు ఎడమ పక్క నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికి రెండు ముక్కలు బోర్లా, ఒకటి వెల్లకిలా వేస్తారు. బోర్లా ఉన్నవి మీరు మాత్రమే చూసుకోవాలి. వెల్లకిలా ఉన్నది అందరికీ కనిపిస్తుంది. బల్ల మీద కనిపిస్తున్న వాటిలో అన్నిటికన్నా చిన్న ముక్క ఎవరిదైతే వారు తప్పనిసరిగా ఆట తెరవాలి. దీన్ని బ్రింగ్-ఇన్ అంటారు, నా లెక్కలో రెండు పిక్కలు. ఇక్కడ ఆసు పెద్ద ముక్కే, చిన్నది కాదు. ఇద్దరికి ఒకే అంకె వస్తే జాతి చూస్తారు. కళావరు అన్నిటికన్నా చిన్న, తర్వాత డైమన్, తర్వాత ఆఠీను, అన్నిటికన్నా పెద్ద ఇస్పేటు. జాతికి పెద్దాచిన్నా ఉండేది ఇక్కడ మాత్రమే. చివర్లో గెలుపోటములు తేల్చేటప్పుడు ఇస్పేటు అయినా కళావరు అయినా ఒకటే. చేతులు సరిసమానంగా ఉంటే మధ్యలో ఉన్న కుప్పను సగం సగం పంచుకుంటారు.

ఆట తెరిచినవారి ఎడమ పక్క నుంచి వరుసగా ఒక్కొక్కరూ నిర్ణయం చెప్పాలి. రెండు పిక్కలు వేసి ఉండవచ్చు. దాన్ని నాలుగు చేయవచ్చు. లేదా ముక్కలు బోర్లా తిప్పి తప్పుకోవచ్చు. రమ్మీలో డ్రాప్ అన్నట్టే దీన్ని ఫోల్డ్ అంటారు. ఒకరు పెంచితే మిగతావారు అంత వేయాలి, లేదా ఇంకా పెంచాలి, లేదా తప్పుకోవాలి. మామూలుగా ఒక రౌండులో ఒక పందెం, దాని మీద మూడుసార్లు పెంచడం వరకే అనుమతిస్తారు.

ఆ తర్వాత నాలుగో ముక్క, ఐదో ముక్క, ఆరో ముక్క ఒక్కొక్కటిగా వెల్లకిలా వస్తాయి. ఒక్కో ముక్క తర్వాత ఒక్కో పందెం రౌండు. నాలుగో ముక్క నుంచి వరుస తిరగబడుతుంది. కనిపిస్తున్న ముక్కల్లో పెద్ద చేయి ఎవరిదో వారు ముందు మాట్లాడాలి. వారికి ఇష్టమైతే పందెం వేస్తారు, లేకపోతే చెక్ అని ఊరుకుంటారు. మూడో, నాలుగో ముక్కల దగ్గర చిన్న పందెం, ఐదో ముక్క నుంచి పెద్ద పందెం. నాలుగో ముక్కతో ఎవరికైనా బయట జత కనిపిస్తే అప్పుడే పెద్ద పందెం వేయవచ్చన్న నియమం చాలాచోట్ల ఉంది. మీ అల్లుడిగారి స్నేహితులను ఇది ముందే అడిగి తెలుసుకోండి. ఏడో ముక్క మళ్లీ బోర్లా వస్తుంది. చివరి పందెం అయ్యాక మిగిలినవారు ముక్కలు చూపిస్తారు.

మూడు బోర్లా, నాలుగు వెల్లకిలా. ఇంతవరకు గుర్తుంటే పంచుతున్నప్పుడు మీరు తడబడరు.

ఇక చేతుల వరుస. కింది నుంచి చెబుతాను, అలా అయితేనే బుర్రకు ఎక్కుతుంది. ఏమీ కలవకపోతే పెద్ద ముక్కే దిక్కు. దానిపైన ఒక జత. దానిపైన రెండు జతలు. ఆపైన ఒకే అంకె ముక్కలు మూడు. ఆపైన స్ట్రెయిట్, అంటే వరుసగా ఐదు అంకెలు, జాతి ఏదైనా సరే. ఆసు-2-3-4-5 చెల్లుతుంది, 10-జాకీ-రాణి-రాజు-ఆసు చెల్లుతుంది, కానీ రాణి-రాజు-ఆసు-2-3 అని చుట్టు తిప్పితే చెల్లదు. స్ట్రెయిట్ పైన ఫ్లష్, ఒకే జాతి ఐదు. దానిపైన ఫుల్ హౌస్, మూడు ఒక అంకె, రెండు ఇంకో అంకె. ఆపైన ఒకే అంకె నాలుగూ. అన్నిటికన్నా పైన స్ట్రెయిట్ ఫ్లష్, ఒకే జాతిలో వరుసగా ఐదు. అందులోనూ పది నుంచి ఆసుదాకా వస్తే దాన్ని రాయల్ ఫ్లష్ అంటారు.

మరొక్క మాట. ఐదు ముక్కలే పంచితే ఏమీ కలవకపోవడం సగం సార్లకు పైగా జరుగుతుంది. ఏడు ముక్కల్లో అలా కాదు. ఏమీ కలవకపోవడం సుమారు 17 శాతమే. సుమారు 44 శాతం సార్లు ఒక్క జత మాత్రమే వస్తుంది. దాదాపు నాలుగోవంతు సార్లు రెండు జతలు. అందుకని చేతిలో చిన్న జత ఒకటి కనబడగానే చివరిదాకా కూర్చోకండి. ఎదుటివారికీ అంతకన్నా పెద్దదే ఉండే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: మేడమ్, మేము పండగలకు మూడు ముక్కలాట ఆడుకుంటాం. అందులో సీక్వెన్స్ పెద్ద, కలర్ చిన్న. పోకర్‌లో ఫ్లష్ పెద్ద, స్ట్రెయిట్ చిన్న అంటున్నారు. ఒకే పేకకు ఇలా రెండు న్యాయాలు ఎందుకు?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఈ ఉత్తరం చదివి నేనెంత సంతోషించానో చెప్పలేను. ఇన్నేళ్లు క్లాసులో ప్రాబబిలిటీ చెప్పాను గానీ ఇంత చక్కని ప్రశ్న ఎవరూ అడగలేదు.

రెండు చోట్లా న్యాయం ఒకటే బాబూ. అరుదుగా వచ్చేదే పెద్దది. మారింది ముక్కల సంఖ్య. 52 ముక్కల నుంచి మూడు ముక్కలు తీయడానికి 22,100 దారులున్నాయి. అందులో ఒకే జాతి కాని సీక్వెన్సులు 720, వరుస లేని కలర్లు, అంటే మూడూ ఒకే జాతి అయినవి, 1,096. సీక్వెన్స్ అరుదు కాబట్టి అది పెద్ద. ఇప్పుడు ఐదు ముక్కలు తీయండి. మొత్తం దారులు 25,98,960. అందులో స్ట్రెయిట్లు 10,200, ఫ్లష్‌లు 5,108. ఇక్కడ తారుమారైంది. మూడు ముక్కలు ఒకే జాతి కావడం అంత కష్టం కాదు. నాలుగోదీ ఐదోదీ కూడా అదే జాతి రావాలంటే ఒక్కో మెట్టు దగ్గరా అవకాశం నాలుగోవంతు కన్నా తక్కువే. వరుస కలవడానికి మాత్రం ఏ జాతి ముక్క అయినా పనికొస్తుంది.

స్టడ్‌లో మొదట చేతికి వచ్చేవి మూడు ముక్కలే కదా. అందుకని మీ ఆట లెక్క ఇక్కడ నేరుగా పనికొస్తుంది. మీరు ట్రయల్ అనేది, మొదటి మూడూ ఒకే అంకె కావడం, 22,100లో 52 సార్లు, అంటే 425 చేతులకు ఒకసారి. జత 3,744 సార్లు, అంటే సుమారు ఆరు చేతులకు ఒకటి. మొదటి మూడు ముక్కలు చూసి ఉండాలా తప్పుకోవాలా అని తేల్చేటప్పుడు నేను చూసేవి ఇవి: ట్రయల్ వస్తే ఉంటాను. పది గానీ అంతకన్నా పెద్దది గానీ జత వస్తే ఉంటాను. మూడూ ఒకే జాతి అయినా, జాకీ-రాణి-రాజు లాంటి పెద్ద వరుస అయినా, బల్ల చూసి నిర్ణయిస్తాను. మిగతావి పడేస్తాను. అంటే ఎక్కువ చేతులు పడేస్తాను. మొదట్లో ఇది చాలా కష్టంగా ఉంటుంది, కూర్చున్నది ఆడడానికి కదా అనిపిస్తుంది. అయినా పడేయాల్సిందే.

ప్రశ్న: బల్ల చూడాలి, పోయిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి అంటారు. నాకు 68 ఏళ్లు. పొద్దున పాలవాడికి డబ్బులు ఇచ్చానో లేదో గుర్తుండదు. నాలాంటిదానికి ఈ ఆట వస్తుందా అమ్మా?
– ఒక పాఠకురాలు, సామర్లకోట

జవాబు: తప్పకుండా వస్తుంది అక్కయ్యా. నేను ఈ ఆట నేర్చుకున్నప్పుడు నాకూ అరవై దాటాయి. ఎలా నేర్చుకున్నానో చెబుతాను, మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

మా అబ్బాయి న్యూజెర్సీలో ఉన్నప్పుడు ఒక చలికాలం మేం అక్కడే ఉన్నాం. బయట మంచు, ఇంట్లో పనేమీ లేదు. పక్కింట్లో ఎనభై ఏళ్ల అమెరికన్ పెద్దాయన, ఆయన భార్య ఉండేవారు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఆడినదంతా స్టడ్ పోకరే. శుక్రవారం సాయంత్రం వాళ్ల వంటింటి బల్ల చుట్టూ ఆరుగురం చేరేవాళ్లం: వాళ్లిద్దరూ, నేనూ మా వారూ, అబ్బాయీ కోడలూ. పందెం సెంట్లలో. యాంటీ ఒక సెంటు, చిన్న పందెం నాలుగు, పెద్ద పందెం ఎనిమిది. నా చింతపిక్కల లెక్క అక్కడ నుంచి తెచ్చుకున్నదే.

రెండో వారమో మూడో వారమో నాకు ఆఠీను తొమ్మిది బయట, లోపల ఆఠీను రాణి, ఆఠీను ఆరు వచ్చాయి. మూడూ ఒకే జాతి. ఒళ్లంతా ఉత్సాహం. ఇంకో రెండు ఆఠీన్లు వస్తే ఫ్లష్. నాలుగో ముక్క ఇస్పేటు వచ్చింది, అయినా ఉన్నాను. ఐదోది ఆఠీను. ఇక వదిలేదే లేదు. ఆరోది కళావరు. ఏడోది డైమన్. చివరి పందెం దగ్గర తప్పుకున్నాను. యాంటీ ఒకటి, మొదటి రెండు రౌండ్లకు నాలుగేసి, తర్వాతి రెంటికి ఎనిమిదేసి, మొత్తం 25 సెంట్లు నా దగ్గర నుంచి మధ్యకు వెళ్లాయి.

ఆట అయ్యాక పెద్దాయన ఏమీ అనలేదు. మొదట్లో మిగతా ఐదుగురి ముందు వెల్లకిలా ఉన్న ముక్కలు ఏవో ఒక్కొక్కటీ వరుసగా చెప్పి, వెతికి తీసి నా ముందు పెట్టారు. అందులో మూడు ఆఠీన్లు. అవి నా కళ్ల ముందే ఉన్నాయి. నేను నా మూడు ముక్కల నుంచి తల ఎత్తలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం తీసి లెక్క వేశాను. నాకు కనిపించిన ముక్కలు ఎనిమిది. కనిపించనివి 44. బల్ల మీద ఒక్క ఆఠీను కూడా లేకపోతే ఆ 44లో పది ఆఠీన్లు ఉంటాయి. రాబోయే నాలుగు ముక్కల్లో కనీసం రెండు ఆఠీన్లు రావడానికి అవకాశం దాదాపు 22 శాతం. మూడు ఆఠీన్లు బయట కనిపించాయంటే మిగిలినవి ఏడే. అప్పుడు అవకాశం 11 శాతం. చేతిలో ముక్కలు అవే, అవకాశం దాదాపు సగమైపోయింది. దాన్ని సగం చేసింది ఎదుటివాళ్ల ముక్కలు. నాకు ఈ ఆట మీద ప్రేమ కలిగింది ఆ కాగితం దగ్గరే. రమ్మీలో ఎదుటివారు దించిన ముక్క చూసి వాళ్లకేం కావాలో ఊహిస్తాం. స్టడ్‌లో ప్రతి మనిషీ తన చేతిలో సగం బయట పెట్టుకుని కూర్చుంటాడు. చూసేవాళ్లకు చూసినంత.

అందుకని అక్కయ్యా, మీరు అన్ని ముక్కలూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మీకు కావలసినవి మాత్రమే గుర్తుపెట్టుకోండి. మీ దగ్గర రాజుల జత ఉంటే పేకలో ఇంకో రెండు రాజులే మిగిలాయి. బల్ల మీద ఒక రాజు కనిపించిందా లేదా, అంతే మీ పని. ఆఠీన్లు కావాలంటే ఆఠీన్లు ఎన్ని పోయాయో ఒక్క అంకె మనసులో పెట్టుకుంటే చాలు. ముక్కలు పంచగానే మీ బోర్లా ముక్కలు ఎత్తకండి. ముందు చుట్టూ ఉన్న వెల్లకిలా ముక్కలను చిన్న నుంచి పెద్దకు మనసులో చదువుకోండి: మూడు, ఐదు, తొమ్మిది, జాకీ, రాజు. విష్ణు సహస్రనామం చదివే నాలుక మీకుంటే ఐదు ముక్కలు ఎక్కడికీ పోవు. ఆ తర్వాతే మీవి చూసుకోండి. తప్పుకున్నవాళ్లు ముక్కలు తిప్పేస్తారు, మళ్లీ చూపించమని అడగకూడదు. అందుకే మొదట్లోనే చదువుకోవడం. పాలవాడి సంగతి మాత్రం క్యాలెండర్ మీద రాసుకోండి.

ప్రశ్న: టీవీలో చూపించే పోకర్‌లో మనిషికి రెండే ముక్కలు ఉంటాయి, మధ్యలో ఐదు ముక్కలు పరుస్తారు. ఇది ఆ ఆటేనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కాదు. అది హోల్డెమ్. అందులో మధ్యలోని ఐదు ముక్కలు అందరికీ ఉమ్మడి. స్టడ్‌లో ఎవరి ముక్కలు వారివే. చేతుల వరుస మాత్రం రెండింటికీ ఒకటే. స్టడ్ 19వ శతాబ్దపు అమెరికాలో పుట్టిన పాత ఆట, హోల్డెమ్ దాని తర్వాతది. 2003లో లాస్ వెగాస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీని క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ గెలిచాక హోల్డెమ్ ఊరూరా పాకింది, స్టడ్ వెనకబడింది. అయితే ఆ సిరీస్‌లో స్టడ్ పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి. 2006లో అక్కడ ఐదు రకాల పోకర్‌ను వంతులవారీగా ఆడే పెద్ద పోటీ పెట్టారు, చిప్ రీస్ గెలిచారు. ఆ ఐదింటిలో మూడు స్టడ్ కుటుంబానివే.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. హాస్టల్లో పోకర్ నేర్చుకున్నాడు. మెదడుకు పదును పెట్టే ఆట అంటాడు. ఫోనులో డబ్బు పెట్టి ఆడతాడేమోనని నాకు టెన్షన్. మాన్పించాలా, ఊరుకోవాలా?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: అమ్మా, ఆటను, డబ్బును విడదీసి చూడండి. మొదటిదానికి నేను మీ అబ్బాయి వైపు, రెండోదానికి పూర్తిగా మీ వైపు.

ముందు చట్టం సంగతి. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అంది, మూడు ముక్కలాట మాత్రం కేవలం అదృష్టం అంది. ఆ తీర్పు పట్టుకుని చాలామంది పేకాటలన్నీ తప్పు కాదనుకుంటారు. కానీ డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా దేశమంతటా అలాంటి ఆటలు నడపడాన్ని నిషేధించింది. ఈ విషయం మీ అబ్బాయికి తెలుసో లేదో అడగండి.

చట్టం లేకపోయినా నా మాట ఇదే. నా చిన్నప్పుడు మా పెదనాన్న సంక్రాంతి మూడు రోజులూ మూడు ముక్కలాటలో కూర్చుని కనుమ నాటికి మా పెద్దమ్మ నానుతాడు తాకట్టు పెట్టారు. అది మళ్లీ ఇంటికి రాలేదు. పెద్దమ్మ పసుపుతాడుతో గడిపిన రోజులు నేను చూశాను. అందుకే మా ఇంట్లో పేక ఉంటుంది, పైసా ఉండదు.

మీరు చేయగలిగింది ఒకటుంది. సెలవులకు వచ్చినప్పుడు వాడితోనే మీకు నేర్పించుకోండి. చింతపిక్కలు పోసుకుని ఇంటిల్లిపాదీ కూర్చోండి. ఆఠీన్లు ఎన్ని పోయాయో లెక్కపెట్టి చెప్పమనండి. నిజంగా ఆట మీదే ఇష్టం ఉంటే పిక్కలతోనూ అంతే శ్రద్ధగా ఆడతాడు. పిక్కలతో విసుగు అంటే వాడికి ఇష్టమైంది వేరే అని మీకు తెలిసిపోతుంది. అప్పుడు కోప్పడకుండా కూర్చోబెట్టి ఎంత పోగొట్టాడో అడగండి. అడిగే ముందు తిట్టనని మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

ప్రశ్న: మేం ఎనిమిది మందిమి. ఎనిమిదేళ్లు యాభై ఆరు. పేకలో ఉన్నవి 52. ఏడో ముక్కకు చాలకపోతే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఎనిమిది మందీ చివరిదాకా ఉండడం చాలా అరుదు, ఇద్దరు ముగ్గురు మొదట్లోనే తప్పుకుంటారు కాబట్టి మామూలుగా ముక్కలు సరిపోతాయి. ఒకవేళ నిజంగానే చాలకపోతే ఏడో ముక్కను ఎవరికీ విడిగా పంచరు. ఒకే ముక్కను బల్ల మధ్యలో వెల్లకిలా వేస్తారు, అది అందరికీ ఏడో ముక్క అవుతుంది. తప్పుకున్నవారి ముక్కలు కలిపి మళ్లీ పంచకూడదు. ఎందుకంటే అవి పోయాయని లెక్కపెట్టుకున్నవారికి అన్యాయం జరుగుతుంది.